స్కాట్లాండ్ తీరంలో తీరికగా సైకిల్ యాత్ర: గాలిని, ఎత్తును, ఫెర్రీ వేళలను చూసి దారి ఎంచుకోవడం

స్కాట్లాండ్‌లో ఒక రోజంతా సైకిల్ మీద గడపాలని అనుకున్నవారు ముందుగా పటం తెరిచి, రెండు ఊళ్ల మధ్య ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో చూస్తారు. నా ఉద్దేశంలో అది చివరగా చూడవలసిన అంకె. కోనసీమ కాలువగట్ల మీద అలవోకగా 40 కిలోమీటర్లు తొక్కినవారు కూడా ఇక్కడ 20 కిలోమీటర్లకే కాళ్లు పట్టేసి దిగి నడవవలసి రావచ్చు. ఆ రోజు గాలి ఎటునుంచి వీస్తోంది, దారి ఎంత ఎత్తు ఎక్కి దిగుతుంది, తిరిగి తెచ్చే ఫెర్రీ లేదా రైలు ఎన్ని గంటలకు ఉంది అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే దూరం సంగతి ఆలోచించాలి. గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిని, పిల్లల దగ్గరికి వచ్చి రెండు మూడు నెలలు ఉండే తల్లిదండ్రులను దృష్టిలో ఉంచుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. పందెం కోసం తొక్కేవారికి దీనితో పని లేదు.

మొదటి మెట్టు: ఎక్కడ తొక్కవచ్చో, ఎలా తొక్కాలో తెలుసుకోవడం

భూసంస్కరణల చట్టం అనగానే మనకు గరిష్ఠ పరిమితి, మిగులు భూముల పంపిణీ గుర్తుకు వస్తాయి. స్కాటిష్ పార్లమెంటు 2003లో చేసిన భూసంస్కరణల చట్టంలో ఒక భాగం మాత్రం వేరే సంగతి చెబుతుంది. భూమి ఎవరిదైనా సరే, బాధ్యతగా మెలిగినంతవరకు దాని మీదుగా నడిచే హక్కు, సైకిల్ తొక్కే హక్కు అందరికీ ఉంటుందని ఆ చట్టం అంటుంది. అందువల్ల అడవి బాటలు, పొలాల మధ్య దారులు, కాలువగట్లు సైకిల్‌కు తెరిచే ఉంటాయి. ఇళ్ల పెరళ్లకు, పైరు నిలిచి ఉన్న చేలకు ఈ హక్కు వర్తించదు. దారిలో వచ్చే గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు ఈనుతాయి కనుక మంద దగ్గర సైకిల్ దిగి మెల్లగా నడిపించుకుపోవడం మర్యాద.

జాతీయ సైకిల్ మార్గాలను గుర్తించడం తేలిక. నీలం పలక మీద తెల్ల సైకిల్ బొమ్మ, పక్కన ఎర్రని చదరంలో మార్గం సంఖ్య ఉంటాయి. తూర్పు తీరం వెంట సాగేది 1వ మార్గం. కార్లైల్ నుంచి గ్లాస్గో మీదుగా ఇన్వర్నెస్ చేరేది 7వ మార్గం. క్యాంప్‌బెల్‌టౌన్ నుంచి ఓబన్ మీదుగా ఇన్వర్నెస్‌కు పోయేది 78వ మార్గం. అయితే సంఖ్య ఉన్నంత మాత్రాన అది వాహనాలు లేని బాట అని అనుకోకూడదు. వీటిలో చాలా భాగం మామూలు పల్లె రోడ్లే.

పల్లె రోడ్లలో మనకు కొత్తగా అనిపించేది ఒంటివరుస రోడ్డు. ఒక్క కారు మాత్రమే పట్టే వెడల్పు ఉంటుంది. మధ్య మధ్యలో కొంచెం వెడల్పు చేసి, పాసింగ్ ప్లేస్ అని పలక పెడతారు. ఎదురుగా వాహనం వస్తున్నప్పుడు ఆ వెడల్పు మన ఎడమ వైపున ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడి వైపున ఉంటే దాటిపోకుండా దానికి ఎదురుగా మన పక్కనే ఆగాలి, వచ్చే వాహనమే అందులోకి వెళ్లి మనల్ని దాటుతుంది. వెనుక వాహనం చేరినా ఇలాగే దారి ఇవ్వాలి. అవతలివారు చెయ్యెత్తి కృతజ్ఞత చెబితే మనమూ చెయ్యెత్తడం ఇక్కడి ఆచారం. ఎడమ పక్కన నడవడం, కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి ఉండడం మన దగ్గరలాగే ఉంటాయి కనుక ఆ విషయంలో తడబాటు ఉండదు. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, పెట్టుకోవడం మేలు. చీకటి పడ్డాక మాత్రం ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, ఎర్ర రిఫ్లెక్టర్ ఉండి తీరాలి.

పశువులు దాటిపోకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కడ్డీలు పరిచిన క్యాటిల్ గ్రిడ్‌లు తరచుగా వస్తాయి. వాటిని నిటారుగా, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు నొక్కకుండా దాటాలి. వానలో అవి సబ్బులా జారుతాయి. అనుమానంగా ఉంటే పక్కనున్న చిన్న గేటు గుండా నడిపించుకుపోవచ్చు.

రెండవ మెట్టు: నెలను, రోజును ఎంచుకోవడం

నన్ను అడిగితే మే నెల అంటాను. పడమటి తీరంలో వాన తక్కువగా ఉండే రోజులు సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. పగలు అప్పటికే పొడవుగా ఉంటుంది, గోర్స్ పొదలు పసుపు పచ్చగా విరగబూస్తాయి, ఫెర్రీల వేసవి సమయపట్టిక కూడా మొదలై ఉంటుంది. జూన్ చివరలో గ్లాస్గోలో సుమారు పదిహేడున్నర గంటల పగలు ఉంటే, డిసెంబరులో అది ఏడు గంటలకు కుంచించుకుపోతుంది. చలికాలంలో మొదటిసారి ప్రయత్నించవద్దు.

మే చివరి నుంచి సెప్టెంబరు దాకా పడమటి తీరంలో మిడ్జ్ అనే నుసి దోమలు ఉంటాయి. కంటికి ఆననంత చిన్నవి, గుంపుగా మీద పడతాయి. తెల్లవారుజామున, సాయంత్రం పొద్దువాలే వేళ, గాలి ఆడని చోట వీటి బాధ ఎక్కువ. కాస్త గాలి వీచినా అవి నిలవలేవు, తొక్కుతున్నంతసేపు మనల్ని అంటలేవు. కాబట్టి ఆగేటప్పుడు చెట్ల నీడను వదిలి, గాలి తగిలే తీరాన ఆగాలి. గడ్డిలోను, పొదల్లోను పిడుదులు కూడా ఉంటాయి. వీటిలో కొన్ని లైమ్ వ్యాధిని మోసుకొస్తాయి కనుక ఇంటికి చేరాక మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ ఒకసారి చూసుకోవాలి.

ఇక గాలి. ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి గాలి వీస్తుంది. మన నైరుతి రుతుపవనాల మాదిరిగా దానికి ఒక కాలం అంటూ లేదు, ఏడాది పొడవునా ఉంటుంది. దీని నుంచి ఒక సూత్రం తీసుకోవచ్చు: ఒకవైపు ప్రయాణమైతే దక్షిణం నుంచి ఉత్తరానికి గాని, పడమర నుంచి తూర్పుకు గాని పోవాలి. వెళ్లి తిరిగి రావలసిన దారి అయితే, వెళ్లేటప్పుడు ఎదురుగాలిని, వచ్చేటప్పుడు వెనుకగాలిని పెట్టుకోవాలి. అలసట లేనప్పుడు గాలితో పోరాడడం వేరు, సాయంత్రం ఐదింటికి ఆకలితో పోరాడడం వేరు. ముందు రోజు రాత్రి వాతావరణ సూచనలో వాన శాతాన్ని మాత్రమే చూసి పడుకోకుండా గాలి వేగాన్ని, దిక్కును కూడా చూడాలి. తుంపరలో తొక్కవచ్చు, గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలిలో తొక్కడం మాత్రం శిక్షే.

తూర్పు తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. వసంతంలోను, వేసవి మొదట్లోను తూర్పు గాలి వీస్తే హార్ అనే సముద్రపు మంచు ఒడ్డును కప్పేస్తుంది. లోపలి ఊళ్లలో ఎండ కాస్తుంటే తీరం మీద పది గజాల దూరం కనిపించకపోవచ్చు.

మూడవ మెట్టు: ఎత్తును చదవడం

బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:50,000 పటంలో సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య తేడా 10 మీటర్లు. రోడ్డు ఎన్ని రేఖలను దాటుతోందో లెక్కపెడితే ఎంత ఎక్కాలో తెలుస్తుంది. రోడ్డు మీద ఒక బాణం గుర్తు ఉంటే వాలు 14 నుంచి 20 శాతం మధ్య ఉందని, రెండు బాణాలుంటే అంతకు మించి ఉందని అర్థం. అలవాటు లేనివారు ఒక్క బాణం ఉన్న చోట కూడా దిగి నడవడానికి సిద్ధపడాలి. నేను వాడే లెక్క ఇది: గంటకు 12 కిలోమీటర్లు, దానిపైన ప్రతి 100 మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు, ప్రతి రెండు గంటలకు అరగంట విరామం. ఈ లెక్కతో వచ్చిన సమయం ఫెర్రీ వేళకు కనీసం గంట ముందు ముగియకపోతే ఆ దారిని ఆ రోజుకు వదిలేయాలి.

ఎత్తు ఎక్కడమంటే జంకేవారికి పాత రైలుదారులు వరం. 1960లలో నష్టాల పేరుతో ఎన్నో చిన్న రైలు మార్గాలను మూసేశారు. ఆవిరి ఇంజను లాగగలిగేలా వేసిన దారి కనుక వాలు ఎక్కడా నిలువుగా ఉండదు. ఇప్పుడు వాటిలో చాలావాటి మీద సైకిల్ బాటలు ఉన్నాయి. అబర్డీన్‌లో ఉండేవారు డథీ పార్కు నుంచి బయలుదేరే డీసైడ్ బాటతో మొదలుపెట్టవచ్చు. బాలటర్ దాకా అది 66 కిలోమీటర్లు, అయినా బాంకరీ దాకా పోయి వెనక్కి వచ్చినా చాలు. కాలువగట్లు ఇంకా సమతలంగా ఉంటాయి. 1801లో తెరిచిన క్రినన్ కాలువ వెంట ఆర్డ్రిషెయిగ్ నుంచి క్రినన్ వరకు 14 కిలోమీటర్ల గట్టు ఉంది. దారిలో 15 లాకులు వస్తాయి. ధవళేశ్వరం దగ్గర పడవలు లాకుల గుండా దిగడం చూసినవారికి ఇక్కడ తెల్ల తెరచాపల పడవలు దిగడం చూస్తూ గంటసేపు గడిచిపోతుంది.

నాలుగవ మెట్టు: సైకిల్, సామాను

మొదటి రెండు మూడు యాత్రలకు సైకిల్ కొనవద్దు, అద్దెకు తీసుకోవాలి. సన్నని రేసు టైర్లది కాకుండా, కాస్త వెడల్పు టైర్లు, ఎత్తు ఎక్కేటప్పుడు తేలికగా తిరిగే లో గేర్లు ఉన్న హైబ్రిడ్ సైకిల్ అడగాలి. యాభై దాటినవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి ఎలక్ట్రిక్ సైకిల్ నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటాక మోటారు సాయం ఆగిపోయే సైకిల్‌కు ఇక్కడ లైసెన్సు అవసరం లేదు. అద్దెకిచ్చే చోటే సీటు ఎత్తు సరిచేయించుకుని, రెండు బ్రేకులు విడివిడిగా నొక్కి చూసి, బయలుదేరాలి.

స్పేర్ ట్యూబు, టైరు లివర్లు, చిన్న పంపు, ప్యాచ్‌లు తప్పక ఉండాలి. పల్లెలో పంక్చర్ షాపు అనేది ఉండదు. మన దగ్గర తుమ్మముల్లు చేసే పనిని ఇక్కడ హాథార్న్ కంచెల ముల్లు చేస్తుంది. శరత్తులోను, చలికాలంలోను ఈ కంచెలను కత్తిరించాక రోడ్డు నిండా ముళ్లు పడి ఉంటాయి. గాలి నింపిన టైరు కూడా ఈ దేశంతో ముడిపడినదే కావడం విశేషం. స్టోన్‌హేవెన్‌లో పుట్టిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు పొందాడు. పేరు మాత్రం నలభై ఏళ్ల తర్వాత దాన్ని సైకిల్‌కు తొడిగిన డన్‌లప్‌కు దక్కింది. ఆయనా ఇక్కడి ఎయిర్‌షైర్‌లో పుట్టినవాడే.

బట్టల విషయంలో మన కాటన్ మోజును పక్కన పెట్టాలి. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఆరని బట్ట మీద గాలి వీస్తే జూలైలో కూడా వణుకు పుడుతుంది. లోపల చెమట పీల్చే పలుచని చొక్కా, మధ్యలో ఉన్ని, పైన గాలీవానా ఆపే జాకెట్, వేళ్లను కప్పే గ్లవుజులు ఉంటే సరిపోతుంది. తిండి వెంట ఉంచుకోవాలి. చిన్న ఊళ్లలో కేఫ్‌లు సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. కేఫ్‌లో దొరికే పప్పు సూప్ చూసి శాకాహారమని నమ్మవద్దు, పంది మాంసం ఉడికించిన నీటితో చేయడం ఇక్కడ మామూలు, అడిగి తీసుకోవాలి. చల్లటి వాతావరణంలో రోజంతా నిలిచే పులిహోరను మించినది నాకు ఇంతవరకు కనబడలేదు. కుళాయి నీరు ఎక్కడైనా తాగవచ్చు.

ఐదవ మెట్టు: రైలు, ఫెర్రీ

స్కాట్‌రైల్ రైళ్లలో సైకిల్‌కు ఛార్జీ లేదు, కాని చోటు తక్కువ. ఓబన్, ఫోర్ట్ విలియం, ఇన్వర్నెస్ వంటి దూరపు మార్గాలలో సైకిల్‌కు ముందుగా చోటు కేటాయించుకోవాలి. పడమటి దీవులకు తిరిగే కాల్‌మాక్ ఫెర్రీలలో కూడా సైకిల్ ఉచితమే, మనిషికి టికెట్టు ఉంటుంది. రేవులో సిబ్బంది పిలిచేవరకు ఆగి, చూపించిన చోట సైకిల్‌ను తాడుతో కట్టి, పైకి వెళ్లాలి. ఇనుప వాలు తడిగా ఉంటుంది కనుక ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తొక్కకుండా నడిపించుకుపోవడం క్షేమం. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి. బయలుదేరే ఉదయం సర్వీసుల స్థితి చూడకుండా ఇల్లు కదలవద్దు, ఆదివారం వేళలు వేరుగా ఉంటాయన్న సంగతి మరవవద్దు.

ఆరవ మెట్టు: మూడు దారులు, ఈ వరుసలోనే

మొదటిది గ్రేట్ కంబ్రే దీవి. గ్లాస్గో సెంట్రల్ నుంచి సుమారు గంటలో లార్గ్స్ చేరే రైలు ఉంది. స్టేషన్ నుంచి రేవు నడక దూరం. ఫెర్రీలో పది నిమిషాలు. దీవి చుట్టూ తీరం వెంటే సాగే రోడ్డు 16 కిలోమీటర్లు, దాదాపు అంతా చదును. చిన్నపిల్లలు, మొదటిసారి తొక్కే పెద్దలు కూడా భోజన విరామంతో కలిపి మూడు గంటల్లో చుట్టిరాగలరు. ఫెర్రీ దిగాక చాలామంది ఎటు పోతే ఏమిటని ముందువాళ్ల వెనుక పోతారు. ఎడమకు తిరిగి, గడియారం ముల్లు తిరిగే దిక్కున, అంటే మొదట దక్షిణంగా పోవాలని నా సలహా. ఎడమ పక్కన నడవాలి కనుక ఆ దిక్కున పోతే సముద్రం ఎప్పుడూ మన పక్కనే ఉంటుంది. పైగా నైరుతి గాలికి ఎదురు పోవలసిన తూర్పు ఒడ్డును దీవి నడుమనున్న గుట్ట కాపు కాస్తుంది, కాపు లేని పడమటి ఒడ్డున ఉత్తరంగా పోతున్నప్పుడు అదే గాలి వెనుకనుంచి తోస్తుంది. దక్షిణాన మిల్‌పోర్ట్ ఊళ్లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. అక్కడి ఒడ్డున మొసలి నోరులా రంగులు వేసిన బండ దగ్గర పిల్లలు ఎలాగూ ఆపుతారు. పడమటి వైపు తిరిగాక బ్యూట్ దీవి, దాని వెనుక ఆరన్ కొండలు కనిపిస్తాయి. ఓపిక మిగిలితే 127 మీటర్ల గ్లెయిడ్ స్టోన్ గుట్ట మీదికి పోయే లోపలి రోడ్డు ఎక్కి చూడండి. పైన చెప్పిన ఎత్తు లెక్క మీ కాళ్లకు ఎంత నిజమో అక్కడ తేలుతుంది.

రెండవది ఫైఫ్ తీరం. ఎడిన్‌బరో నుంచి డండీ వైపు పోయే రైలులో లూఖర్స్‌లో దిగాలి. సెయింట్ ఆండ్రూస్‌కు 1969 నుంచి రైలు లేదు. లూఖర్స్ నుంచి అక్కడికి 1వ జాతీయ మార్గంలో భాగంగా రోడ్డు పక్కనే వేరు బాట సుమారు 8 కిలోమీటర్లు ఉంది. ముందుగా దక్షిణంగా సెయింట్ ఆండ్రూస్ చేరి, శిథిలమైన కెథెడ్రల్, పొడవాటి ఇసుక తీరం చూసి, భోజనం ముగించి, అదే బాటలో వెనక్కి వచ్చి ఉత్తరంగా డండీ వైపు సాగాలి. ఇలా పోతే ఎదురుగాలి ఉదయం పూటే అయిపోతుంది. లూఖర్స్ దాటాక టెంట్స్‌మ్యూర్ పైన్ అడవి వస్తుంది. కంకర బాట, సన్న టైర్లకు పనికిరాదు. అడవి అంచున ఇసుక మీద వరుసగా కాంక్రీటు దిమ్మెలు కనిపిస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రు ట్యాంకులు ఒడ్డెక్కకుండా ఇక్కడ ఆశ్రయం పొందిన పోలండ్ సైనికులు పోసినవి అవి. అటు ఇసుక తిన్నెల మీద సీల్ జంతువులు పడుకుని ఉంటాయి, దూరం నుంచే చూడాలి.

టేపోర్ట్ దాటి, టే నది మీది రోడ్డు వంతెన చేరాక ఈ దారిలోకెల్లా నాకు ఇష్టమైన భాగం మొదలవుతుంది. 1966లో తెరిచిన ఈ వంతెన పొడవు రెండుంపావు కిలోమీటర్లు. సైకిల్ బాట అంచున కాకుండా, రెండు వైపుల వాహనాల వరుసల నడుమ, కాస్త ఎత్తుగా ఉంటుంది. డండీ వైపు స్వల్పంగా దిగుతుంది కనుక దక్షిణం నుంచి వచ్చేవారికి శ్రమ లేదు. ఎడమ వైపు చూస్తే దూరంగా రైలు వంతెన, దాని పక్కనే నీళ్లలో వరుసగా మొండి స్తంభాలు కనిపిస్తాయి. 1879 డిసెంబరు 28 రాత్రి తుపానులో రైలుతో సహా కూలిపోయిన పాత వంతెన స్తంభాలవి. గాలి సంగతి ఇన్నిసార్లు ఎందుకు చెబుతున్నానో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. డండీ కొసన బాట నుంచి నేలకు దిగడానికి సైకిల్ పట్టే లిఫ్టు ఉంది, రైలు స్టేషన్ అక్కడికి దగ్గరే. మొత్తం తొక్కేది 35 కిలోమీటర్ల లోపే.

మూడవది ఐదు ఫెర్రీల దారి. దాదాపు 90 కిలోమీటర్ల తొక్కుడు, ఐదు పడవ ప్రయాణాలు. ఒక్క రోజులో ముగించేవారు ఉన్నారు. తీరిక యాత్రకు రెండు రోజులు కావాలి. మొదట ఆరన్ దీవిలోని బ్రోడిక్‌కు ఫెర్రీ. అది ఆర్డ్రోసన్ నుంచా, ట్రూన్ నుంచా అన్నది మీ తేదీకి ముందే చూసుకోవాలి. బ్రోడిక్ నుంచి లోఖ్‌రాంజాకు 23 కిలోమీటర్లు. సానక్స్ దాటాక సుమారు 200 మీటర్ల ఎత్తున్న కనుమ ఎక్కాలి, ఈ మొత్తం యాత్రలో పెద్ద పరీక్ష అదే. రెండవ ఫెర్రీ అరగంటలో క్లోనెయిగ్‌లో దింపుతుంది. అక్కడి నుంచి టార్బర్ట్‌కు 16 కిలోమీటర్లలో చివరి సగం లారీలు తిరిగే పెద్ద రోడ్డు. దీపాలు పగలే వెలిగించి, గుంపుగా కాకుండా ఒకరి వెనుక ఒకరు పోవాలి. రాత్రికి టార్బర్ట్‌లో బస చేయడం మంచిది, వేసవిలో గది ముందే మాట్లాడుకోవాలి.

మరునాడు మూడవ ఫెర్రీ దిగే పోర్టవాడీ నుంచి కాలిన్‌ట్రైవ్ దాకా దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది. నడుమ వచ్చే టినబ్రూయఖ్ ఊరి పేరుకు ఇక్కడి పాత భాష గేలిక్‌లో గట్టు మీది ఇల్లు అని అర్థం. ఊరు దాటాక నిజంగానే గట్టెక్కాలి, పైనుంచి కిందనున్న సన్నని జలసంధులు, దీవులు చూశాక ఆ చెమటకు బాధ ఉండదు. కాలిన్‌ట్రైవ్ పేరు కూడా గేలిక్‌దే, ఈత జలసంధి అని. పూర్వం బ్యూట్ దీవి పశువులను సంతకు తోలుకెళ్లేవారు ఇక్కడ ఈదించి దాటించేవారు. నాలుగవ ఫెర్రీ ఆ నీటినే ఐదు నిమిషాల్లో దాటిస్తుంది. అక్కడి నుంచి రోత్సేకు 13 కిలోమీటర్ల తీరపు రోడ్డు, ఐదవ ఫెర్రీలో 35 నిమిషాలకు వీమ్స్ బే. దాన్ని ఎలా రాస్తారో చూసి పలకబోతే ఎవరికీ అర్థం కాదు, వీమ్స్ అనే అనాలి. రేవును, అద్దాల కప్పున్న రైలు స్టేషన్‌ను కలిపి కట్టారు కనుక ఫెర్రీ దిగి నేరుగా గ్లాస్గో రైలెక్కవచ్చు. ఈ వరుసను తిరగేయవద్దు. చివర ఉండే ఫెర్రీ తరచుగా తిరిగేది కావాలి, ఒకటి తప్పినా ఇంకొకటి దొరకాలి.

ఇవి మూడూ ముగిశాక వాటర్సే నుంచి లూయిస్ ఉత్తర కొస దాకా పది దీవుల మీదుగా సాగే 297 కిలోమీటర్ల హెబ్రిడియన్ మార్గం గురించి ఆలోచించవచ్చు. దక్షిణం నుంచి ఉత్తరానికే పోవాలి, ఆరేడు రోజులు పెట్టుకోవాలి. హారిస్, లూయిస్ దీవుల్లో ఆదివారం దాదాపు అన్ని దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే తిండి కొనిపెట్టుకోవాలి. ఉత్తర తీరాన కార్ల యాత్రకు పేరుపడిన నార్త్ కోస్ట్ 500 దారిని మాత్రం తీరికగా తొక్కేవారికి నేను సూచించను. వేసవిలో ఒంటివరుస రోడ్ల నిండా క్యాంపర్ వ్యాన్లే, పైగా యాపుల్‌క్రాస్‌కు పోయే బియలఖ్ న బా కనుమ 626 మీటర్లు ఎక్కుతుంది, వాలు కొన్నిచోట్ల 20 శాతం.

ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేయాలి. కొండల మధ్య మాట అందకపోయినా సందేశం పోవచ్చు. ఆ నంబరుకు సందేశం పంపే సదుపాయం కోసం ఫోన్‌ను ముందే నమోదు చేసుకోవాలి, ఇంట్లో ఉండగానే చేస్తే రెండు నిమిషాల పని. సొంత సైకిల్ అయితే ఇల్లు చేరిన రాత్రే మంచినీళ్లతో కడిగి, గొలుసు తుడిచి, నూనె వేయాలి. ఫెర్రీ డెక్కు మీద చింది వచ్చిన ఉప్పునీరు రెండు రోజులు ఊరుకుంటే గొలుసు ఎర్రగా తుప్పు పడుతుంది.